జాబితాకెక్కని ఇల్లు: దివాన్ దేవిడి చూపించి ఒక పాతబస్తీ కుటుంబంతో మాట్లాడిన కేసు

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నాకు కనిపించింది స్టిక్కర్లు. పిల్లల నోటుబుక్కుల మీద అంటించే ఎర్ర అంచు లేబుళ్లు. పాన్‌దాన్ మీద 14, గోడ గడియారం మీద 31, దీవాన్‌ఖానాలో తఖ్తు కాలికి 52. పైన వేలాడే షాండ్లియర్‌కి చెయ్యి అందక, దాని కింద గోడకే 67 అని అంటించారు. ఇంటి పెద్దావిడని అందరూ ఆపా అని పిలుస్తారు. ఆవిడ ఒక పొడుగు రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. 212 వస్తువులు, ఒక్కో దానికీ ఎదురుగా ఎవరికి చెందుతుందో పేరు. అక్షరాలు పొందిగ్గా ఉన్నాయి, కొట్టివేతలు చాలా తక్కువ. ఆ కుటుంబంలో అప్పటికి పంతొమ్మిది మంది వాటాదార్లు. కొందరు జెడ్డాలో, కొందరు చికాగోలో, ముగ్గురు టోలీచౌకీలో. అంతమంది మధ్య 212 వస్తువులు గొడవ లేకుండా పంచుకోవడం మామూలు విషయం కాదు.

"మరి ఇల్లు ఏ నెంబరు ఆపా?" అన్నాను సరదాకి.

"ఇల్లా? ఇల్లు ఇక్కడే ఉంది కదా బేటా, ఎక్కడికి పోతుంది?" అన్నారావిడ.

సరిగ్గా ఆ మాటకే నాకు దివాన్ దేవిడి గుర్తొచ్చింది. నేను పాత కట్టడాల పరిరక్షణ చేసే ఆర్కిటెక్టుని. కాకపోతే ఈ పనిలో సగం కాలం గోడల దగ్గర కాకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీదే గడిచిపోతుంది. నన్ను పిలిచింది అసలు కొలతలు తీసి విలువ కట్టమని. ఆపా తమ్ముళ్లిద్దరికీ అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కానీ మూడో రోజు నేను ఆపానీ, ఆవిడ మేనల్లుణ్ణీ ఆటో ఎక్కించి, దివాన్ దేవిడి ఉన్న చోటికి, చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారుకి తీసుకెళ్లాను. ఈ కేసులో నేను చేసిన పనులన్నిటిలోకీ ఫలితమిచ్చింది అదేననుకుంటాను.

దివాన్ దేవిడి ఏమైంది

తెలుగులో 'దేవిడీమన్నా' అన్న మాట వాడతాం. లోపలికి రానివ్వకుండా గుమ్మం దగ్గరే ఆపేస్తే, ఫలానా వాడికి దేవిడీమన్నా అయింది అంటాం. దేవిడీ అంటే మొదట్లో గుమ్మం, వాకిలి. పోనుపోను గుమ్మం వెనకున్న ఇంటికి కూడా అదే పేరైంది. హైదరాబాదు పాతబస్తీలో ఒకప్పుడు ప్రతి పెద్ద ఉమ్రావుకీ, అంటే నిజాం కొలువులోని ప్రభువుకీ, ఒక దేవిడీ ఉండేది. వాటిలో దివాన్ దేవిడి అంటే దివాన్‌గారి ఇల్లు, అంటే నిజాం ప్రధానమంత్రి ఇల్లు. ఒకే కుటుంబం నుంచి తరం తర్వాత తరం దివాన్లు రావడంతో ఆ పేరు ఆ ఇంటికి స్థిరపడిపోయింది.

1804 నుంచి 1808లో చనిపోయే దాకా దివాన్‌గా చేసిన మీర్ ఆలం ఈ వరసలో మొదటివాడు. ఇప్పటికీ నీళ్లు నిలిచే మీర్ ఆలం చెరువు ఆయన పేరు మీదే ఉంది. అర్ధచంద్రాకారపు కమాన్లని వరసగా నిలబెట్టి కట్టిన ఆ కట్టని ఇంజినీరింగ్ విద్యార్థులు ఇవాళ్టికీ వెళ్లి చూస్తారు. ఆయన తర్వాత అల్లుడు మునీర్‌ఉల్‌ముల్క్, ఆపైన సిరాజ్‌ఉల్‌ముల్క్. 1853లో ఇరవై నాలుగేళ్ల మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాన్ అయ్యాడు. మనం మొదటి సాలార్‌జంగ్ అనేది ఆయన్నే. 1883లో కలరాతో చనిపోయేదాకా ముప్ఫై ఏళ్లు రాజ్యాన్ని ఆ ఇంటి నుంచే నడిపాడు. ఆయన కొడుకు రెండో సాలార్‌జంగ్ మూడేళ్లు దివాన్‌గా చేసి, 1889లో చిన్న వయసులోనే పోయాడు. అదే ఏడు పుట్టిన పసివాడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్. 1912లో దివాన్ అయ్యాడు, 1914లో వదిలేశాడు, మిగిలిన ముప్ఫై అయిదేళ్లూ వస్తువులు కొంటూ గడిపాడు.

ఈ ఇంటిని ఒక్క బంగళాగా ఊహించుకుంటే పొరపాటు. తరానికి కొన్ని కట్టడాలు చేరుతూ పోయిన ఒక పేట అది. నగారాలు మోగించే నగారాఖానా, పన్నెండు ద్వారాల బారాదరీ, గోడల నిండా అద్దాలున్న ఆయినాఖానా, చైనా పింగాణీ పళ్లేలూ గిన్నెలూ గోడల్లో పొదిగిన చీనీఖానా, నిజాంబాగ్ అనే తోట, ఆడవాళ్లుండే జనానా వైపు వేరే ఆవరణలు. లాలా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు చూస్తే ఆయినాఖానా ఎలా ఉండేదో తెలుస్తుంది. నేను మటుకు ఫొటోల కన్నా మ్యాపుని నమ్ముతాను. 1910 తర్వాతి సంవత్సరాల్లో లెనార్డ్ మన్ పర్యవేక్షణలో హైదరాబాదు మున్సిపల్ సర్వే మ్యాపులు తయారయ్యాయి. ఇంటి గోడలు, బావులు, తోటలు, సందులు అన్నీ వాటిలో గీసి ఉంటాయి. దివాన్ దేవిడి ఉన్న షీటు పరుచుకుంటే, ఇప్పటి సందుల్లో కొన్ని ఒకప్పుడు ఆ ఇంటి లోపలి దారులని అర్థమవుతుంది.

1949 మార్చి 2న మూడో సాలార్‌జంగ్ చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు. అంతకు ఆరు నెలల ముందే పోలీసు చర్య జరిగి రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆయన పోయిన అయిదు నెలలకి, 1949 ఆగస్టులో, జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడాలి. దేవిడీలని నిలబెట్టింది కొప్పళ లాంటి దూరపు జాగీర్ల నుంచి వచ్చే శిస్తు. ఏటా సున్నం వేయించాలన్నా, వానాకాలానికి ముందు మిద్దె కప్పు మీద పగుళ్లు పూడ్పించాలన్నా, వందమంది నౌకర్లకి జీతాలివ్వాలన్నా ఆ డబ్బే. జాగీర్లు పోయాక నష్టపరిహారం వాయిదాల్లో వచ్చింది కానీ ఏటా వచ్చే ఆదాయం ఆగిపోయింది. అంతంత ఇళ్లు పట్టణంలో జమీను విలువ తప్ప ఇంకే ఆదాయమూ లేకుండా మిగిలాయి. దివాన్ దేవిడికి దీనికి తోడు యజమాని కూడా లేకుండా పోయాడు. దూరపు చుట్టాలందరూ హక్కుదార్లుగా ముందుకొచ్చారు.

ప్రభుత్వం ఎస్టేట్ చూసుకోవడానికి ఒక కమిటీ వేసింది. అప్పటి ముఖ్య పౌరపాలనాధికారి ఎం.కె. వెల్లోడి చొరవ తీసుకుని, కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ని పిలిపించి, ఎక్కడెక్కడో ఉన్న వస్తువులన్నీ పోగు చేయించి ఆ ఇంట్లోనే మ్యూజియంగా అమర్పించాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి ప్రారంభించారు. దాంతో మొత్తానికి ఆ ఇంటికి ఒక పని దొరికింది. టికెట్టు కొని జనం లోపలికి వచ్చారు. తరతరాలుగా ఎవరికి దేవిడీమన్నా అయిందో, ఆ బజారు జనమే చీనీఖానా చూసి వెళ్లారు.

1958 దాకా కమిటీయే నడిపింది. తర్వాత వారసులందరూ హైకోర్టు డిక్రీ ఆధారంగా రాజీ పత్రం రాసుకుని, సేకరణ మొత్తాన్ని భారత ప్రభుత్వానికి ఇచ్చారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి సాలార్‌జంగ్ మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. గవర్నరు అధ్యక్షుడిగా బోర్డు ఏర్పడింది. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో కట్టిన కొత్త భవనంలోకి మారింది.

ఆ మారిన రోజుల గురించి నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఒక్కో పెట్టె మీద నెంబరు, జాబితాలో టిక్కు, సంతకం. నలభై వేలకి పైగా కళా వస్తువులు, వేల కొద్దీ రాతప్రతులు, పుస్తకాలు. 1876లో మొదటి సాలార్‌జంగ్ యూరప్ వెళ్లినప్పుడు కొన్న మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ దగ్గర్నుంచి ఏనుగుదంతపు కుర్చీల దాకా అన్నీ జాగ్రత్తగా వెళ్లాయి. వెళ్లిన దూరం నడిస్తే పది నిమిషాలు. చట్టం కాపాడింది సంస్థనీ, అందులోని వస్తువులనీ. ఆ సంస్థ పదిహేడేళ్లు ఏ ఇంట్లో ఉందో ఆ ఇంటికి ఆ హోదా అంటలేదు. ఆఖరి పెట్టె బయటికి వెళ్లాక దివాన్ దేవిడిని నిలబెట్టాల్సిన బాధ్యత ఎవరి నెత్తి మీదా లేదు.

మ్యూజియాన్ని మార్చడం తప్పని నేననను. నివాసం కోసం కట్టిన గదుల్లో వేలమంది సందర్శకుల్ని తిప్పడం, అగ్నిప్రమాదం రాకుండా చూసుకోవడం, తేమ తగలకుండా రాతప్రతులు దాచడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుసు. నేను ఆ బోర్డులో ఉన్నా కొత్త భవనం కావాలనే అనేవాణ్ణేమో. కానీ ఖాళీ అయ్యే ఇంటి సంగతి అదే కాగితంలో ఇంకో పేరాగా ఉండాల్సింది. చీనీఖానా గోడలో పొదిగిన పళ్లెం వస్తువా, ఇల్లా? విడిగా ఉంటే వస్తువు, దానికి నెంబరు పడుతుంది. గోడలో ఉంటే ఇల్లు, గోడతోపాటే పోతుంది.

తర్వాతి దశాబ్దాల్లో అంతా ముక్కలైంది. పత్తర్‌గట్టీకి ఆనుకుని ఉన్న జాగా, పక్కనే మదీనా సెంటరు, బట్టల బజారు. అక్కడ గజం జాగాకి ఏం ధర పలుకుతుందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు దివాన్ దేవిడి అంటే హోల్‌సేల్ రెడీమేడ్ బట్టల కాంప్లెక్సులు. రంజాన్ ముందు ఆ సందుల్లో అడుగు తీసి అడుగు వెయ్యలేం. బస్సు కండక్టరుకీ ఆటోవాలాకీ ఆ పేరు తెలుసు, బిల్లు పుస్తకాల మీద అడ్రసులో ఆ పేరు ఉంది. పాత ఇంటిది మిగిలింది కమాను.

ఆపా ఆ కమాను కింద నిలబడి చాలాసేపు పైకి చూశారు. పక్కనే హ్యాంగర్లకి నైటీలు వేలాడుతున్నాయి. "మా నాన్న చిన్నప్పుడు ఇందులోకి వచ్చాడట, మ్యూజియం ఉన్నప్పుడు. గడియారం చూడ్డానికి" అన్నారు. తర్వాత మేనల్లుడితో ఉర్దూలో అన్నది నేను పూర్తిగా వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "ఇల్లు కూడా రిజిస్టర్‌లో రాయాలంటే ఎలా రాయాలి?" అని అడిగారు.

పక్కన పెట్టుకోవాల్సిన ఇంకొన్ని ఇళ్లు

కుటుంబానికి నేను ఇచ్చిన నోట్‌లో మరో నాలుగు ఇళ్లు పెట్టాను. క్లుప్తంగానే చెప్తాను, వీటి గురించి చాలామంది రాశారు.

చౌమహల్లా మొదట 45 ఎకరాలు, ఇప్పుడు 12. నిజాం కుటుంబమే పూనుకుని, ప్రిన్సెస్ ఎస్రా ముందుండి బాగుచేయించి 2005లో జనానికి తెరిచింది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. ఆ ఇల్లు బతకడానికి కారణం నిర్ణయం తీసుకోగల ఒక్క మనిషి ఉండటం, ఆ మనిషి దగ్గర డబ్బుండటం. ఫలక్‌నుమా హోటలైంది. అది కొండ మీదున్న వేరే లోకం, సందులో ఉన్న ఇంటికి అక్కడి లెక్కలు పనికిరావు. మాల్‌వాలా ప్యాలెస్ వారసత్వ కట్టడాల జాబితాలో ఉండి కూడా 2000లో నేలమట్టమైంది. చెక్క పనితనానికి ఊరంతా మెచ్చుకున్న ఇల్లది. 1995లో జోనింగ్ నిబంధనల్లో చేర్చిన 13వ రెగ్యులేషన్ ఇంటిని కూల్చొద్దని చెప్పింది కానీ, నిలబెట్టడానికి కావలసిన డబ్బు ఇంటివాళ్ల చేతిలో పెట్టలేదు. ఆ రెగ్యులేషన్‌ని కూడా 2015లో తీసేశారు, 2017లో వేరే వారసత్వ చట్టం వచ్చింది. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్ సంగతి అందరికీ తెలిసిందే. కొత్త అసెంబ్లీ భవనం కోసం దాన్ని కూలుద్దామన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. కోర్టు కూల్చకుండా ఆపగలదు, కప్పు కారకుండా చేయించలేదు కదా.

ఇవన్నీ చదివి తమ్ముళ్లలో ఒకాయన, "అంటే సార్, మా ఇల్లు ఫలక్‌నుమా కాదు కాబట్టి పడిపోవాల్సిందేనా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

మా కేసు

ఇల్లు దాదాపు 1,400 గజాలు. ముందు మగవాళ్లుండే మర్దానా, మధ్యలో సెహన్ అనే లోపలి ముంగిలి, వెనక జనానా. వీధి వైపు తొమ్మిది మడిగెలు, అంటే దుకాణాల గదులు. రాతి పునాది, ఇటుక గోడలు, సున్నం గచ్చు, టేకు దూలాలు. సెహన్ మధ్యలో ఒక బావి, దాని మీద ఇనుప జాలీ, జాలీ మీద తులసికోట లాంటి దిమ్మెలో మరువం మొక్క.

ముందుగా నా తప్పు చెప్పాలి. మొదటి నాలుగు వారాలు నేను కొలతలు గీసుకుంటూ కూర్చున్నాను. దాలాన్ (వరండా) కమాన్ల మీద సున్నపు లతల పని అందంగా ఉంది, దాన్ని ఒక్కో ఆకూ గీశాను. అదే సమయంలో వీధి వైపు మడిగెల్లో ఉన్న తొమ్మిది మంది కిరాయిదార్లని ఒక్కసారి కూడా పలకరించలేదు. వాళ్లలో ఏడుగురిది పగిడీ. తాతల నాడు ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి, నెలకి నామమాత్రపు కిరాయి కడుతున్నారు. ఇల్లు అమ్మినా కట్టినా ముందు తేలాల్సింది వాళ్ల సంగతి. పంతొమ్మిది మంది వాటాదార్ల కన్నా ఆ ఏడుగురికే ఇంటి మీద పట్టు ఎక్కువ. ఒక బిల్డరు మనిషి అప్పటికే వాళ్లతో రెండుసార్లు చాయ్ తాగాడని ఆలస్యంగా తెలిసింది. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే, స్కేలు తీసే ముందు కిరాయిదార్ల దగ్గర కూర్చోండి.

గోడల పరిస్థితి చూడ్డానికి అంత భయంకరంగా లేదు, కారణం మాత్రం విచిత్రం. పది పన్నెండేళ్ల కిందట ఎవరో సలహా ఇచ్చారని జనానా గోడలకి నడుం ఎత్తు దాకా సిమెంటు పూయించారు. పాత సున్నపు గోడ నేల నుంచి తేమ పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు వేశాక తేమకి బయటికి దారి లేక, సిమెంటు అంచు దాకా ఎక్కి అక్కడ బయటపడింది. ఫలితం ఏమిటంటే కింద నాలుగడుగులు గట్టిగా, నున్నగా ఉంటుంది. దానికి సరిగ్గా పైన మూరెడు మేర సున్నం పిండిలా రాలుతుంది. జేబులోంచి తాళంచెవి తీసి గీశాను, చెంచాడు తెల్లటి పొడి అరచేతిలో పడింది. నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉంది. మేనల్లుడు భయపడ్డాడు కానీ ఆపా నవ్వారు. "మా అమ్మ కూడా అలాగే చూసేది" అన్నారు.

మేస్త్రీ దొరకడానికి నెలన్నర పట్టింది. గానుగలో సున్నం, ఇసక కలిపి తిప్పించి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి వాడే పని తెలిసినవాళ్లు ఊళ్లో తగ్గిపోయారు. వచ్చిన ముసలాయన మొదటి రోజు ఏ పనీ చెయ్యలేదు. సిమెంటు అంచు మీద సుత్తితో కొడుతూ గోడ చుట్టూ తిరిగాడు. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా బొగ్గుతో సున్నా చుట్టాడు. సాయంత్రానికి గోడంతా సున్నాలే. నేను వారం పట్టి గీసిన 'డ్యామేజీ డ్రాయింగు' కన్నా అది నయం. దాన్నే ఫొటో తీసి రిపోర్టులో పెట్టాను.

ఇంటి రిజిస్టరు పని ఆపాయే చేశారు. నేను గది గదికీ ఒక పేజీ ఫార్మాటు ఇచ్చాను. గది పేరు, కొలత, దర్వాజాలెన్ని, దూలాలెన్ని, ఏ రాయి, ఏమేం చెడ్డాయి. ఆవిడ దానికి తోడు ఇంకో గడి గీసుకున్నారు, 'ఎవరి గది' అని. అందులో చచ్చిపోయినవాళ్ల పేర్లు కూడా రాశారు. నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ గడి లీగల్‌గా పనికొస్తుందని అప్పుడు నాకు తెలీదు. పాత కాలం వాడుక, ఎవరి తరంలో ఎవరు ఎక్కడున్నారు అన్నది వాటాల లెక్క తేల్చేటప్పుడు వకీలుగారు మూడు నాలుగు చోట్ల వాడుకున్నారు. ఎందుకంటే మూడు తరాలుగా మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పిడి, జరగలేదు. మున్సిపల్ రికార్డుల్లో ఇప్పటికీ తాతగారి పేరే ఉంది.

ఈ రిజిస్టరు ఒక్కసారే గట్టిగా పరీక్షకి నిలబడింది. వాటాదార్లలో ఒకాయన మిగతావాళ్లకి చెప్పకుండా తన వాటా బయటివాళ్లకి అమ్మేశాడు. ఆ తర్వాత రెండు రాత్రుల్లో మర్దానా పైఅంతస్తు నుంచి పదకొండు టేకు స్తంభాలు మాయమయ్యాయి. ఎవరు తీశారో నేను చెప్పను, కుటుంబం ఫిర్యాదు చెయ్యదల్చుకోలేదు. రిజిస్టరులో ఒక్కో స్తంభానికీ ఎత్తు, చెక్కడం, ఎక్కడ పగులుందో రాసి ఉంది, ఫొటో ఉంది. దాన్ని పట్టుకుని మేనల్లుడు పాత కలప అమ్మేవాళ్ల దుకాణాలన్నీ తిరిగాడు. నాలుగు దొరికాయి. డబ్బిచ్చి తెచ్చుకున్నారు, వాళ్ల స్తంభాలే వాళ్లు కొనుక్కున్నట్టు. ఏడు దొరకలేదు. ఆ ఏడు చోట్లా ఇప్పుడు ఇనుప పైపులున్నాయి, నాకు వాటిని చూడాలంటే చికాగ్గా ఉంటుంది.

వాటా కొన్నవాళ్లు విభజన దావా వేశారు. ఇలాంటప్పుడు 1893 నాటి విభజన చట్టం నాలుగో సెక్షను అనేది ఒకటుంది. విడిపోని కుటుంబం నివాసం ఉండే ఇంట్లో వాటాని బయటివాడు కొని విభజన కోరితే, ఆ వాటాని కోర్టు కట్టిన విలువకి కుటుంబంలో వాళ్లే కొనుక్కోవచ్చు. పాత ఇళ్లకి ఉన్న అతి కొద్ది రక్షణల్లో ఇది ఒకటి. కానీ చాలా కుటుంబాలు దీని గురించి వినను కూడా వినవు. నోటీసు రాగానే కంగారుపడి మొత్తం అమ్మేస్తారు. దీని కోసం అక్కడ 'నివాసం' ఉన్నట్టు చూపించాలి. ఆపా ఆ ఇంట్లోనే ఉంటున్నారు, బావర్చీఖానాలో, అంటే వంటింట్లో, రోజూ పొయ్యి వెలుగుతోంది. ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లిపోయి ఉంటే కథ వేరేలా ఉండేది. చివరికి కోర్టు బయటే రాజీ కుదిరింది, జెడ్డా అన్నయ్య డబ్బు పెట్టాడు.

వక్ఫ్ అలల్ ఔలాద్ చేద్దామని, అంటే కుటుంబం పేరిట వక్ఫ్ రాసేద్దామని ఒక పెద్దమనిషి సూచించారు. 1913 చట్టం నుంచి దానికి దారి ఉంది. రాసేస్తే మళ్లీ అమ్మే వీలుండదు, దానికి యువకులు ఒప్పుకోలేదు. నేనూ ఒత్తిడి చెయ్యలేదు. అమ్మే హక్కు పోతుందన్న భయంతో ఉన్న మనిషి మరమ్మతుకి పైసా ఇవ్వడు. చివరికి కుదిరింది చిన్న ఏర్పాటు. రిజిస్టర్ చేసిన కుటుంబ ఒప్పందం ప్రకారం సెహన్, జనానా పదిహేనేళ్లు విభజించరు. ఎవరైనా వాటా అమ్మదలిస్తే ముందు లోపలివాళ్లకే చెప్పాలి. మడిగెల కిరాయి పెంచి ఆ డబ్బంతా మరమ్మతు ఖాతాలో వేస్తారు. పగిడీదార్లు కిరాయి పెంపుకి ఒప్పుకున్నది మా వాదన విని కాదు. మడిగెల వెనక గోడ తడిసి వాళ్ల సరుకు పాడవుతోంది, ఆ గోడ బాగుచేస్తామన్నాం, అంతే. మర్దానాలో ఒక మూల కూలింది, అది మాత్రం దక్కలేదు. అక్కడ రెండంతస్తుల కొత్త కట్టడం లేస్తోంది, మొహానికి టైల్స్ వేస్తారట. నేను వద్దని రాసిచ్చాను, వాళ్లు వేస్తారు.

ఒప్పందం మీద సంతకాలు పడ్డ రోజు ఏమీ విశేషంగా జరగలేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వర్ డౌన్ అయి మూడు గంటలు కూర్చున్నాం. చికాగో వాళ్ల తరఫున సంతకం చెయ్యడానికి ఇచ్చిన అధికార పత్రం, జీపీఏలో ఒకరి ఇంటిపేరు స్పెల్లింగు తేడా వచ్చి మళ్లీ వారం పట్టింది.

మొన్న జూన్‌లో ఆపా ఫోన్ చేశారు. లతల పని గురించో దస్తావేజు గురించో అనుకున్నాను. మోరీ గురించి. సెహన్‌లో వాన నీళ్లు పోయే రాతి మోరీ పూడిపోయింది, కొత్త కట్టడం మట్టి అందులో పడింది. నీళ్లు జనానా గోడ దాకా నిలుస్తున్నాయి, ముసలి మేస్త్రీ వేసిన సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. ఇద్దరు మనుషుల్ని పెట్టి రెండు రోజులు తవ్వించాం. షాబాద్ బండల కింద పాత ఇటుక కాలువ బయటపడింది. మన్ మ్యాపులో ఒక సన్న గీతగా ఉంటే నేను దాన్ని ప్రహరీ అనుకున్నాను. ఖర్చు పద్దెనిమిది వేల చిల్లర. ఆపా ఆ లెక్కని ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెడితే, పంతొమ్మిదిలో పదహారు వాటాల డబ్బు ఆదివారం లోపు వచ్చేసింది. మిగతా మూడింటికి ఆవిడ రిజిస్టరులో ఎర్ర ఇంకుతో బాకీ రాశారు.